నేను ఆరవేయని తెల్లగుడ్డ

ఎపిఫానియా మా పేటకి కోడలిగా వచ్చిన రోజు నుంచీ నేను ఆమెని అనుమానిస్తూనే ఉన్నాను. దానికి పెద్ద కారణం అక్కర్లేదు. ఆమె పైపేట పిల్ల, మాది కిందిపేట. ఊట నీళ్ళ గొట్టం ముందు పైపేటలోంచి వస్తుంది. వాళ్ళు తాగి, కడిగి, గాడిదలకి పోసి, మిగిలింది మాకు వదులుతారు. అటువైపు నుంచి వచ్చే ఏదైనా సరే, మనిషైనా మాటైనా, మేం రెండుసార్లు వాసన చూసిగానీ లోపలికి రానివ్వం.

నా పేరు అబుందియో. కిందిపేటలో మొక్కజొన్న పిండిమర నాది. తెల్లవారేసరికి ఆడవాళ్ళు సున్నపునీళ్ళలో ఉడికించిన గింజల బకెట్లతో వరస కడతారు. మర రొదలో నాకేమీ వినపడదని వాళ్ళ ధీమా. ముప్ఫై ఏళ్ళ నుంచి ఆ పెదాలే చూస్తున్నాను, నాకు చెవులతో పనేముంది? మా ఊరు సాంతా ఎదువీహెస్‌లో ఏ కబురైనా నా మర దగ్గర పుట్టాలి, లేదా అక్కడే బలియాలి.

ఎపిఫానియా పొట్టి మనిషి. కుడిభుజం ఎడమదానికంటే కొంచెం ఎత్తు. మాట తక్కువ. ఏదైనా అడిగిందంటే జవాబు వచ్చేదాకా అలా చూస్తూ నిలబడుతుంది. అవతలివాడికి కాళ్ళు పీకుతాయిగానీ ఆమెకి పీకవు. మొగుడు నికానోర్ రేడియోలు బాగుచేసేవాడు. పెళ్ళైన ఆరో ఏడు జ్వరంతో పోయాడు. ఆమె పుట్టింటికి పోలేదు. ఆయన పనిముట్ల పెట్టె తెరిచి, వంటింటి నిప్పులో ఇనుప కడ్డీ కాల్చి, తీగలు అతకడం మొదలుపెట్టింది. పిల్లాజెల్లా లేని ఆడది పుట్టింటికి పోకుండా మా మధ్య ఎందుకుంది అని నేను అప్పుడే అన్నాను. మా ఆవిడ ఒతీలియా మాత్రం నన్ను పట్టించుకోకుండా మా చిన్నదానికి ఆమెనే జ్ఞానస్నానపు తల్లిగా పెట్టింది. దాంతో ఆమె నాకు కొమాద్రె అయింది, నేను ఆమెకి కొంపాద్రెనయ్యాను. మా దగ్గర అది రక్తసంబంధం కంటే ఒక మెట్టు పైనే.

టీవీ సంగతి తెచ్చింది హెనారో. పైపేట బడిపంతులు. వహాకా పట్నం నుంచి కోళ్ళపెట్టంత పెట్టె ఒకటి తెచ్చి ఊరిసభలో బల్ల మీద పెట్టాడు.

"దీంతో మన టీవీ మనమే పెట్టుకోవచ్చు. మన పండగ, మన సభ, మన భాషలో" అన్నాడు.

"ఎవడిచ్చాడు?" అన్నాను.

"పట్నంలో ఒక సంఘం వాళ్ళు, దోన్ అబుందియో."

"ఎందుకిచ్చారు?"

"ఊరికే."

"ఊరికే ఎవడూ దగ్గు కూడా దగ్గడు పంతులూ!"

సభంతా నవ్వింది. కానీ మూడు ఆదివారాలు వాదించుకున్నాక సరే అంది. నీటి పంపకం మీద జరిగే సభలు ఇంట్లో కూర్చుని చూడొచ్చు, ఎవడేం మాట్లాడాడో ముసలమ్మలు కూడా వింటారు అని హెనారో అన్న మాట మా పేటకి నచ్చింది. స్తంభం గొట్టాలు కొండెక్కించే పని ఊరందరిదీ. కూలి లేని ఊరిపని, మా తెకియో. అందులో బరువైన గొట్టం మోసింది నేనే. వానపడితే ఆ భుజం ఇప్పటికీ గుర్తుచేస్తుంది.

స్తంభం పాతింది తాతకొండ భుజం మీద. తాత అంటే మాకు మాటవరసకి కాదు, తాతే. విత్తనం వేసేముందు, బిడ్డ పుట్టాక, అందరం ఆయనకి చెప్పుకుంటాం. దోన్ సిరీలో అనే పెద్దాయన పుంజుని కోసి, నాలుగు మూలలా మెస్కాల్ సారా పోసి, ఇనుము పాతుతున్నందుకు క్షమించమని అడిగాడు. తాతకొండని మేం వేలెత్తి చూపం. చూపాల్సొస్తే గడ్డం కొంచెం ఎగరేస్తాం, అంతే. వేలు చూపిన పిల్లలకి చేతిమీద దెబ్బ పడుతుంది. నాకూ పడింది.

తర్వాత పనులు పంచారు. మా ఊళ్ళో ఎవర్నీ చేస్తావా అని అడగరు. పేరు పలకమీద రాస్తారు, చేతులెత్తుతారు, ఏడాదిపాటు జీతం లేకుండా చేయాలి. ఎపిఫానియాకి పడింది బొమ్మ చూసే పని. ఏ ఇంట్లో బొమ్మ పడుతుందో, ఏ ఇంట్లో పడదో తిరిగి చూసి రాయాలి. ఒప్పుకున్న పనిలో ఊరికి ద్రోహం చేశారని సభ తేలిస్తే వాళ్ళ సాగుపొలం వెనక్కి పోతుంది. మా దగ్గర పొలం ఊరిది, మనిషిది కాదు. ఎపిఫానియాకి ఉన్నదల్లా వాగు పక్క ఏటవాలు చెక్క ఒకటి. దానిమీదే బతుకు.

మొదటి ప్రసారం శనివారం మధ్యాహ్నం. పైపేటలో బాకాల బృందం వాయించింది, వాళ్ళు తెరమీద తమని తాము చూసుకుని కేకలు పెట్టారు. ఆ కేకలు మాకు వినపడ్డాయి. మేం మొక్కజొన్న పిండితో తమాలేలు ఉడకబెట్టుకుని, చొక్కాలు మార్చుకుని, టీవీల ముందు కూర్చున్నాం. తెరమీద పిండి చల్లినట్టు తెలుపు. ఎవరో కుండలో తలపెట్టి మాట్లాడుతున్నట్టు గొణుగుడు.

"చూశావా, ఇదీ నీళ్ళగొట్టం లాంటిదే. పైవాళ్ళు తాగేశారు, మనకి మడ్డి" అన్నాడు మా పక్కింటి పోర్ఫీరియో.

"యాంటెన్నాలు స్తంభంవైపు తిప్పండి" అని హెనారో కబురు పంపాడు. తిప్పాం అని చెప్పి పంపాం. పైపేటవాళ్ళు కొండ ఒళ్ళో ఉంటారు. వాళ్ళకి వంకర తీగముక్క చాలు, యాంటెన్నా సంగతే అక్కర్లేదు. మాకేమో వరసగా కడ్డీలున్న పొడుగాటి యాంటెన్నాలు. పట్నం చానెళ్ళ కోసం దక్షిణానికి గురిపెట్టినవి.

సోమవారం నుంచి ఎపిఫానియా తిరగడం మొదలుపెట్టింది. బ్యాటరీతో నడిచే బుల్లి టీవీని శాలువాలో చంటిబిడ్డలా వీపుకి కట్టుకుని, చేతిలో ఒక పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ ఎక్కింది. మా ఇంటికీ వచ్చింది. టీవీ చూసింది, పైకప్పు చూసింది, పెరడు చూసింది. ఆ పెరడు చూపు నాకు నచ్చలేదు.

"కొమాద్రె, ఆ పుస్తకంలో ఏం రాస్తున్నావ్?"

"బొమ్మ, మాట, దెయ్యం."

"దెయ్యమేంటి మధ్యలో?"

"ఒక బొమ్మ పక్కన ఇంకోటి నీడలా పడితే అలా అంటారంట. హెనారో చెప్పాడు."

"మా ఇంట్లో దెయ్యాలేవీ లేవని రాసుకో."

"మీ ఇంట్లో బొమ్మే లేదు కొంపాద్రె, దెయ్యం ఎక్కణ్ణుంచొస్తుంది?" అని నవ్వి వెళ్ళిపోయింది.

ఆ నవ్వు నన్ను కుట్టింది. మర్నాడు మర దగ్గర నోరు జారాను. జారాను అనడం కూడా అబద్ధమే. కావాలనే అన్నాను. "బొమ్మ లేని ఇంట్లో అంతసేపు ఏం రాస్తుంది? కోళ్ళు లెక్కపెడుతోంది. మనకి బాగా ఉందని పైపేటలో చెబితే నీళ్ళు ఇంకా తగ్గిస్తారు" అన్నాను. మధ్యాహ్నానికి కోళ్ళు పందులయ్యాయి. సాయంత్రానికి ఎవరింట్లో ఎన్ని దుప్పట్లున్నాయో కూడా ఆమె రాసుకుందన్న కబురు నా మరకే తిరిగొచ్చింది. దాన్ని నేనే పుట్టించానని మరిచిపోయి, నేనూ నమ్మాను!

తలుపులు మూసుకున్నాయి. ఆమె వీధిలోనే అరుగుల మీద కూర్చుని, బుల్లి టీవీ ఒళ్ళో పెట్టుకుని చూసుకుని, రాసుకుని పోయేది. పోర్ఫీరియో పెళ్ళాం అరుగు మీద కావాలనే కడుగునీళ్ళు పోసింది. ఎపిఫానియా పాదాలు పైకెత్తి పెట్టుకుని, నీళ్ళు పోయేదాకా ఆగి, మళ్ళీ దించింది.

"నీ నోట్లో పురుగులు పడ" అని ఒతీలియా నన్ను తిట్టింది. "అది మన బిడ్డకి తల్లిలాంటిది."

"బిడ్డకి తల్లే. పేటకి కాదు" అన్నాను.

ఇలా మూడు వారాలు గడిచాయి. కిందిపేటలో ఒక్క ఇంట్లో కూడా బొమ్మ పడలేదు. కావాలనే ఆపుతున్నారని అందరం తేల్చేసుకున్నాం. వచ్చే ఆదివారం సభలో అడుగుదాం, జవాబు లేకపోతే మనం మోసిన గొట్టాలు మనమే దించుకుందాం, ఎపిఫానియా ద్రోహం చేసిందని రాయిద్దాం అనుకున్నాం. రాయిస్తే ఆమె పొలం పోతుంది. అది నాకు తెలుసు. తెలిసే ముందు చెయ్యెత్తాను.

ఆ గురువారం మధ్యాహ్నం మంచు దిగింది. మా కొండల్లో మంచంటే ఎదుటి గుమ్మం కనపడదు. మర ఆపేసి ఇంట్లో కూర్చున్నాను. ఒతీలియా సంతకి పోయింది. నాకొక దుర్బుద్ధి పుట్టింది. యాంటెన్నాని సూటిగా స్తంభానికే గురిపెట్టి చూస్తే? అప్పటికీ బొమ్మ రాకపోతే పైపేట మోసం నా చేతికి దొరికినట్టే.

అందరం యాంటెన్నాలు తిప్పామని చెప్పాం కదా, ఎంత తిప్పామో ఒకర్నొకరు అడగలేదు. కొండకి కాస్త పక్కగా తిప్పి ఆపేశాం. ఇనుపకడ్డీ ముక్కు తాత మొహానికి ఎవడు గురిపెడతాడు? ఆ మాట పైకి అనుకోవడం కూడా మర్యాద కాదు. కానీ ఆ రోజు మంచు. నాకు తాత కనపడడు, తాతకి నేనూ కనపడను. పైకప్పెక్కి, స్తంభం ఎటుందో గుర్తుపట్టి సూటిగా తిప్పాను.

కిందికి దిగేసరికి గదిలో మనిషి గొంతు. తెరమీద ఎపిఫానియా. ఆమె శాలువా అంచు కుట్లు కూడా లెక్కపెట్టొచ్చు, అంత స్పష్టం. బల్ల వెనక నిటారుగా కూర్చుంది, ఎత్తుభుజం ఇంకా ఎత్తుగా ఉంది.

"కిందిపేటవాళ్ళకి చెబుతున్నాను" అంది. "ఎవరికైనా నేను కనపడుతుంటే పైకప్పు మీద తెల్లగుడ్డ ఒకటి వేయండి. మంచు తొలిగాక హెనారో ఇక్కణ్ణుంచి చూస్తాడు. ఒక్క ఇంటి మీద కనపడినా చాలు, మిగతా ఇళ్ళకి ఎలా తేవాలో నేను చూసుకుంటాను." జవాబు కోసం చూస్తున్నట్టే చూసింది. "ఒక్క గుడ్డ చాలు" అని మళ్ళీ అంది.

నేను లేచి ఒతీలియా పండగ బల్లగుడ్డ తీశాను. చేతిలో పట్టుకుని పైకప్పు నిచ్చెన దాకా వెళ్ళాను. అక్కడ ఆగిపోయాను. గుడ్డ వేస్తే, అబుందియో, యాంటెన్నా ఎలా తిప్పావురా అని అడుగుతారు. తాతకి గురిపెట్టావా అంటారు. ఇంకోటి కూడా ఉంది, దాన్ని దాచి లాభం లేదు. గుడ్డ వేస్తే పైపేట మోసం అబద్ధమని తేలుతుంది. కోళ్ళ లెక్క అబద్ధమని తేలుతుంది. మూడు వారాలు నేను మరలో వేసి తిప్పిందంతా పొట్టేనని తేలుతుంది.

పైకెక్కి యాంటెన్నాని మళ్ళీ పక్కకి తిప్పేశాను. గుడ్డ మడతపెట్టి పెట్టెలో పెట్టేశాను. సాయంత్రం మంచు తొలిగింది. పేట పైకప్పుల మీద ఎక్కడా తెలుపు లేదు.

ఆదివారం సభకి మేం తాళ్ళూ పలుగులూ పట్టుకునే వెళ్ళాం. ఎపిఫానియా తన పుస్తకం పట్టుకుని లేచి నిలబడింది. ముందు పుస్తకాన్ని దోన్ సిరీలో మనవరాలి చేతికిచ్చి పైకి చదివించింది. ఇళ్ళ పేర్లు, ఎదురుగా ఏ రోజు ఎంత తెలుపు, ఎంత గొణుగుడు. కోడి ఈక కూడా లేదు. నేను చెప్పులు చూసుకున్నాను.

"యాంటెన్నాలు కొండవైపు తిప్పారా?" అని ఒక్కొక్కర్నే అడిగింది.

"తిప్పాం" అన్నాడు పోర్ఫీరియో, గడ్డం ఎగరేసి.

"తిప్పాం" అంది అతని వదిన, గడ్డం ఎగరేసి.

నా దగ్గరికొచ్చింది. "కొంపాద్రె, మీ ఇంట్లో ఎప్పుడైనా, ఒక్కసారైనా బొమ్మ పడిందా?"

అడిగి, తన పద్ధతిలో చూస్తూ నిలబడింది. తేలు కుట్టిన దొంగ పరిస్థితి ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. ఊరంతా నా వంక చూస్తోంది.

"లేదు" అన్నాను.

ఆమె ఇంకొంచెంసేపు చూసింది. తర్వాత దోన్ సిరీలో వైపు తిరిగింది.

"తాతయ్యా, మనం కొండకి దండం ఎలా పెడతాం?"

"అదేం ప్రశ్నే పిల్లా? నీకు తెలీదా?" అని ఆయన విసుక్కుంటూనే, అరచెయ్యి విప్పి పైకెత్తి కొండవైపు చూపించాడు. సభలో ముసలివాళ్ళు నలుగురు అలవాటుగా తామూ చేతులెత్తారు.

"అంతే. నాకు వచ్చే ఆదివారందాకా గడువివ్వండి. అప్పటికీ రాకపోతే స్తంభం దించేయండి, నా పొలం కూడా రాసేసుకోండి" అంది.

ఆ వారం ఆమె ఇంటినుంచి సుత్తి చప్పుళ్ళు. తన కోళ్ళగూడు వల విప్పేసింది. తలుపు చెక్కకి దాన్ని పరిచి కొట్టింది. దానిముందు తీగముక్కల్ని వేళ్ళు విప్పినట్టు అటూ ఇటూ బిగించింది. పొడుచుకొచ్చే ముక్కూ లేదు, మొనా లేదు. చదునైన పలక, విప్పిన అరచెయ్యిలాగే. శుక్రవారం దాన్ని పైకప్పు మీద కొండకెదురుగా నిలబెట్టింది. కింద మేం గుంపుగా నిలబడి చూశాం. ఇదేదో మంత్రతంత్రం అన్నాను నేను. అప్పటికి కూడా నోరు ఊరుకోలేదు.

గంట తర్వాత ఆమె పైకప్పు మీద తెల్లగుడ్డ ఎగిరింది. పోర్ఫీరియో పెళ్ళామే ముందు లోపలికి పరిగెత్తింది. కడుగునీళ్ళు పోసిన మనిషే "వచ్చిందర్రా, మొహాలతో సహా వచ్చింది!" అని అరిచింది. దోన్ సిరీలో ఆ పలకని కిందనుంచి చాలాసేపు చూసి, "దీనికి తాత కోప్పడడు, ఇది దండం పెడుతోంది" అన్నాడు. నెల తిరక్కుండా పేటలో ప్రతి కప్పు మీదా ఒక చెయ్యి లేచింది. సంతలో కోళ్ళగూటి వల దొరకలేదు. ఊరి కోళ్ళన్నీ వీధిలోనే. ఎవడి కోళ్ళు ఎన్నో ఇప్పుడు ఎవడైనా లెక్కపెట్టుకోవచ్చు.

స్తంభం నిలిచింది, పొలం నిలిచింది. అందరూ ఎవరికి వారు ఆమెతో సర్దుకున్నారు. ఆమె మాత్రం నా మరకి రావడం మానేసింది. ఇంట్లో మోకాళ్ళమీద వంగి రాతిమీద తన పిండి తనే నూరుకునేది. మా ఊళ్ళో మర వచ్చాక ఆ పని ఎవరూ చేయలేదు. ఎందుకమ్మా అంటే, "మర పిండి ఇనుపవాసన వస్తోంది" అనేది. వీధిలో ఎదురైతే "శుభోదయం, దోన్ అబుందియో" అని మర్యాదగా అనేది. కొంపాద్రె అనలేదు. మూడేళ్ళు అనలేదు. ఆమె ఎత్తుభుజం ఇంకొంచెం పైకి లేచింది.

ఒకసారి ఒతీలియా అంది: "సభరోజు పొద్దున అది మనింటికొచ్చింది. యాంటెన్నా గొట్టం వంక చూసింది. దాన్ని బిగించిన పట్టీ కింద తుప్పు చెరిగి కొండవైపుదాకా మెరుస్తోంది, ఎవరు తిప్పారు వదినా అని అడిగింది. నాకు తెలీదన్నాను." అంటే సభలో నన్ను అడిగేనాటికే ఆమెకి తెలుసు. నలుగురిలో నన్ను పట్టివ్వకుండా, చెప్పే అవకాశం నాకే ఇచ్చి నిలబడింది. నేను లేదన్నాను.

టీవీ మూడో ఏటి పండగకి హెనారో నన్ను పిలిచాడు. "కిందిపేటకి బొమ్మ ఎలా వచ్చిందో చెప్పు. నీకంటే బాగా చెప్పేవాడెవడున్నాడు?" నిజమే, ఆ కథ మర దగ్గర వందసార్లు చెప్పాను, నన్ను తీసేసి. బల్ల వెనక కూర్చున్నాను. ఎదురుగా కెమెరా. దాని పక్కన తీగ పట్టుకుని ఎపిఫానియా. చూస్తూ నిలబడింది.

మొదలుపెట్టాను. కోళ్ళ లెక్క నేనే పుట్టించానని చెప్పాను. మంచురోజు చెప్పాను. తాతకి గురిపెట్టానని చెప్పాను. బల్లగుడ్డ చేతిలో పట్టుకుని నిచ్చెన దగ్గర నుంచి వెనక్కి తిరిగానని, సభలో లేదని అబద్ధమాడానని చెప్పాను. రెండు పేటల్లో ప్రతి ఇంటా స్పష్టంగా పడి ఉంటుంది. ఎక్కడా పిండి చల్లినట్టు కూడా ఉండి ఉండదు, ఆమె అంత బాగా చేసింది ఆ పని.

మర్నాడు తెల్లవారి మర తెరిచాను. వరస లేదు. ఎవరూ రాలేదు. ఎదుటి గుమ్మాల్లోంచి నా వంక చూసి తలుపులు వేసుకుంటున్నారు. ఆ చూపు నాకు బాగా తెలుసు, నేను నేర్పిందే. ఖాళీ మరని కాసేపు తిప్పి ఆపేశాను.

అప్పుడు వీధి మలుపులో ఒక బకెట్, దాని వెనక ఎత్తుభుజం. ఎపిఫానియా వచ్చి బకెట్ నా ముందు దించింది. లోపల గింజలు ఇంకా వెచ్చగా ఉన్నాయి.

"రెండుసార్లు వెయ్, మెత్తగా రావాలి" అంది. నేను మర తొట్టిని అంచువరకూ నింపుతుంటే పక్కనే నిలబడి నా చేతుల వంకే చూసింది. "ఒక్క గుప్పెడు తగ్గినా సాయంత్రం టీవీలో చెబుతా, కొంపాద్రె."

మర తిప్పాను.